ఎడమచేతికి అందని బొత్తం

ఖర్జ్ దగ్గరి తోట,
ఉగాది వెళ్ళిన వారం

ఎల్లన్నకు,

మీ బావ మొండయ్య రాసేది. నేను బాగానే ఉన్నాను. సులైలో నువ్వు, మీ వర్క్‌షాపు మనుషులు బాగున్నారనుకుంటాను. నా అక్షరాలు చూసి నవ్వకు. ఐదో తరగతి చదువు ఇంతకన్నా రాయదు.

ఫోన్ చేయక ఉత్తరం ఎందుకంటావు. ఇది ఫోన్‌లో అనే మాట కాదు. ఎక్కడో ఎవరో వింటారని నాకు భయం. నీళ్ళ ట్యాంకర్ దావూద్ చేతికి ఇస్తున్నాను. కడప మనిషి అయినా గుట్టు ఎరిగినవాడు. నీ జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

సంగతి ఏమంటే, కొన్నాళ్ళుగా తోటలో వస్తువులు పోతున్నాయి. మొదట పంపు గదిలో పెట్టుకున్న రొట్టెలు పోయాయి. తర్వాత ఉల్లిగడ్డలు, ఖర్జూరం డబ్బా. ఒక నీళ్ళ క్యాను కూడా. మోటరు పోలేదు, తీగ పోలేదు. నేను కుక్క అనుకుని ఊరుకున్నాను. కానీ కుక్క డబ్బా మూత తిప్పదు కదా.

ఇసుకలో చెప్పు గుర్తు చూసింది నాకు వీసా ఇచ్చిన కఫీల్ కొడుకు నాసిర్. వెంటనే తండ్రికి చెప్పాడు. మన అబూ నాసిర్ మంచివాడే, నీకు తెలుసు. చెయ్యెత్తడు. కానీ శుక్రవారం వచ్చినప్పుడు కారులోంచి పొడుగాటి పెట్టెలు దించాడు. నా గది ముందు చాప పరిచి దాని మీద రెండు తుపాకులు పెట్టాడు. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా లోపలికి పోయే రకం. రెండూ అమెరికావట. రెండింటికీ ఆయన పేరు మీద లైసెన్సు ఉందట.

“షేబా, వీటిలో ఒకటి ఇక్కడ నీ దగ్గర ఉంటుంది. ఏది నీ చేతికి కుదిరితే అది చెప్పు. వచ్చే శుక్రవారం దాకా ఆలోచించుకో” అన్నాడు. నన్ను ఆయన షేబా అనే పిలుస్తాడు, ముసలాయనా అని.

నేను “తయ్యిబ్” అన్నాను. ఆయన ఏమన్నా నేను అనేది అదే. సరే అనడం తప్ప నా నోటికి వేరే అరబ్బీ రాదు. వచ్చినా రాదు.

ఎల్లన్నా, లైసెన్సు ఆయనది. మనలాంటి పరాయి దేశపు మనిషి చేతిలో అది కనబడితే జైలే అని దావూద్ అన్నాడు. ఖర్జూరం గెలలు కట్టే పని అయిపోగానే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తానని కఫీల్ మాటిచ్చాడు. మీ అక్క ఎదురుచూస్తోంది. ఇక్కడిదాకా వచ్చి ఇప్పుడు కేసులో పడితే నేను మళ్ళీ ఊరు చూడను.

వద్దనాలి. వద్దనడం నాకు రాదు. ఏదో ఒకటి చెప్పాలి. మీ షాపులో వాజిద్ ఉన్నాడు కదా, పెషావర్ మనిషి. వాళ్ళ దగ్గర ఇవి ఉంటాయంటావు కదా. అతన్ని అడుగు. మొదటిదానికి పేలకుండా ఆపే బొత్తం పైన, బొటనవేలి కింద ఉంది. ముందుకు తోస్తే ఎర్ర చుక్క కనబడుతుంది. తేలికగా ఉంది. రెండోది బరువు. దాని బొత్తం ట్రిగ్గర్ వెనక, అడ్డంగా ఉంది. నాకు ఇంతే తెలిసింది. రెండింటినీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

మీ బావ,
మొండయ్య


సులై,
శ్రీరామనవమి రోజు

బావకు ఎల్లన్న నమస్కారం.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తాళ్ళెక్కే గౌడు తుపాకి పట్టాడని మా అక్కకు తెలిస్తే ఏమంటుందో తెలుసా? “ఇంట్ల బల్లిని కొట్టనీకె చేతగానోడు, గీనెకు తుపాకెందుకు?” అంటుంది. నిజమే కదా.

తర్వాత నవ్వు రాలేదు. వాజిద్‌ను అడిగాను. ఎవరికని చెప్పలేదు, ఊరికే అడిగినట్టు అడిగాను. పేర్లు కూడా చెప్పాడు. నీ మొదటిది మాస్‌బర్గ్ అయి ఉంటుందట. రెండోది రెమింగ్టన్. లోకమంతా ఈ రెండింటి మీదే కొట్లాడుకుంటారట, మన ఊళ్ళో రెండు మోటరు సైకిళ్ళ మీద కొట్లాడుకున్నట్టు. తేలికది మోయడానికి సుఖం, బరువుది భుజానికి తన్నడం తక్కువ అన్నాడు.

“పట్టుకునే ఆయన ఏ చెయ్యి వాటం?” అని అడిగాడు. ఎడమచెయ్యి అన్నాను. అన్నం ఒక్కటే కుడిచేత్తో తింటాడు, కత్తి పట్టినా కల్లు వంచినా ఎడమచెయ్యే అన్నాను. అప్పుడు చెప్పాడు, ఎడమచేతి వాటానికి రెండోదే సరైనదని.

కాబట్టి బావా, రెండోదే చెప్పు. బరువైనదే. ట్రిగ్గర్ వెనక అడ్డం బొత్తం ఉన్నదే. ఆయన ఇంకేమన్నా వినకు. నాసిర్ ఏమన్నా వినకు. జీవితంలో ఒక్కసారి నా మాట విను.

ఇంకొక మాట. దాన్ని మంచం దగ్గర పెట్టుకోకు. గోనెసంచిలో చుట్టి మూలకు వెయ్యి. ఎవరైనా వస్తే ముందు కేకెయ్యి. తెలుగులో కేకెయ్యి. ఆకలికి వచ్చినవాడికి రొట్టె పోతే పోయిందనుకో. రెండు రొట్టెలు ఎక్కువే కాల్చి బయట పెడితే ఏం పోతుంది?

చెప్పు గుర్తు ఎటువైపు పోతోందని నాసిర్ చూశాడా? పక్కన పాడుబడిన తోట ఉందన్నావు కదా, అటుగా వెళ్ళి చూశారా? తెలియజెయ్యి.

ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. మా అబ్బాయి భూమేష్ గురించి రాయలేదేం అనుకోకు, వాడు కూడా బాగానే ఉన్నాడు.

నీ బామ్మర్ది,
ఎల్లన్న


ఖర్జ్ దగ్గరి తోట,
ఏప్రిల్ నెల

ఎల్లన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేశాక భయం ఇంకా ఎక్కువైంది.

శుక్రవారం అబూ నాసిర్ వచ్చి “ఏది?” అన్నాడు. రెండోదాని మీద చెయ్యి పెట్టాను. ఆయన తలూపాడు. నాసిర్ మాత్రం నా చెయ్యి చూశాడు. నేను పెట్టింది ఎడమచెయ్యి.

“షేబా, నువ్వు ఎడమచేతివాడివి. ఆ బొత్తం నీకు అందదు. కుడివైపు నుంచి నొక్కాలి, నీ వేలు ఇటువైపు ఉంటుంది. నీకు మొదటిదే మేలు. బొటనవేలు ఏదైనా ఒకటే” అన్నాడు. చేసి కూడా చూపించాడు. నా కళ్ళకు కూడా అతను చెప్పిందే నిజమనిపించింది.

ఏం చెయ్యాలి? వాజిద్ ఒకటి అన్నాడని నువ్వు రాశావు. ఇతను ఇంకొకటి అంటున్నాడు. నాసిర్ మొదటిది తీసి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని చాప మీద పెట్టి “లా” అన్నాను.

ఎల్లన్నా, ఇన్నేళ్ళలో ఆయన ముందు నేను కాదన్నది అదే మొదటిసారి. అబూ నాసిర్ నవ్వి “ముసలాయనకు కూడా ఇష్టాలున్నాయి” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కాదనడం వస్తే మొత్తానికే వద్దనాల్సింది. ఆ ‘లా’ దీనికి ఖర్చయిపోయింది.

నాసిర్ దాన్ని అక్కడే నింపాడు. ఒక తూటా వేసి పిడి లాగి తోశాడు, మళ్ళీ కింద నుంచి మిగతావి దూర్చాడు. బయటికి ఎలా తీయాలో కూడా చూపించాడు, కింద రెక్కను నెట్టి లోపల చిన్న నాలుకను వేలితో నొక్కితే ఒక్కొక్కటే జారి వస్తాయి. “కాల్చే పని పడదు షేబా. పిడి లాగు, చప్పుడు విని పారిపోతారు” అన్నాడు. బొత్తం అతనే నొక్కి పేలకుండా ఆపి వెళ్ళాడు.

ఇప్పుడు అది నా మంచం కింద ఉంది. గోనెలో చుట్టమన్నావు, చుట్టాను. అయినా పడుకుంటే కింద మనిషి పడుకున్నట్టే ఉంది.

మన ఊళ్ళో దొర తుపాకి మాయమైన ఏడాది నీకు గుర్తుంది కదా. అన్నలు పట్టుకుపోయారు, దెబ్బలు మనం తిన్నాం. చెట్ల మీద నుంచి ఎవరెవరు చూశారని మా గౌండ్లోళ్ళందరినీ స్టేషన్ అరుగు మీద వరుసగా కూర్చోబెట్టారు. తుపాకి ఉన్నవాడికి ఏమీ కాలేదు. దాని పక్కన ఉన్నవాళ్ళకే అయింది. అప్పటి నుంచి నాకు ఆ ఇనుము వాసన పడదు.

నువ్వు రాసినట్టు రొట్టెలు బయట పెట్టాను. పొద్దున చూస్తే లేవు. చెప్పు గుర్తు పాడు తోట వైపే పోతోంది. నాసిర్ చూశాడు. ఈసారి వచ్చినప్పుడు స్నేహితులను తీసుకుని అటు వెళ్తానన్నాడు.

నాకు ఒకటి అర్థం కాలేదు. దొంగను తెలుగులో కేకెయ్యమన్నావు. ఈ ఎడారిలో వాడికి తెలుగు ఎందుకు వస్తుంది? నీ ఉత్తరం దావూద్‌కు చదివి వినిపిస్తే అతను నా మొహం చూడకుండా ట్యాంకర్ కింద పైపు బిగించుకుంటూ కూర్చున్నాడు. పైపు బిగుసుకునే ఉంది.

భూమేష్ ఏ ఊళ్ళో ఉన్నాడో నువ్వు రాయలేదు. ఇంటి డ్రైవర్ వీసా మీద వచ్చాడన్నావు కదా. శెలవు రోజు ఒకసారి నాకు ఫోన్ చేయమను.

మీ బావ,
మొండయ్య


సులై
ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను

బావా,

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చదువు.

మీ తోటలోకి వచ్చేది దొంగ కాదు. భూమేష్.

తుపాకి ఇంకా మంచం కింద ఉంటే, ఇది చదవగానే తూటాలన్నీ తీసి పారెయ్యి.

వాడికి డ్రైవర్ పని ఇవ్వలేదు. ఎడారిలో గొర్రెల దగ్గర పడేశారు. ఫోన్ లాక్కున్నారు. నీళ్ళు కూడా గొర్రెలు తాగాకేనట. రంజాన్ ముందు అక్కడి నుంచి నడిచి రోడ్డెక్కాడు. దావూద్ ట్యాంకర్ కనబడితే ఆపాడు. అది నా అదృష్టం. వీడు పారిపోయాడని వాడి కఫీల్ కేసు పెట్టాడు. ఇప్పుడు వాడు కాగితాలు లేని ఖల్లివల్లి. క్యాంపులో తనిఖీలు ఉన్నాయి, ఇక్కడికి తేలేను. దావూద్ ఆ పాడు తోటలో దింపాడు. నీళ్ళు తెచ్చిన రోజుల్లో తిండి పెట్టి వస్తున్నాడు. ఎంబసీ వాళ్ళ ద్వారా ఇంటికి పంపే మనిషి ఒకతను ఉన్నాడు, అతను పిలిచేదాకా దాచాలి.

నీకు చెప్పొద్దని నేనే అన్నాను. దావూద్ మీద కోపం పెట్టుకోకు. పారిపోయినవాడికి నీడ ఇస్తే నీడ ఇచ్చినవాడి మీద కూడా కేసే. నీ ఎగ్జిట్ దగ్గరికొచ్చింది. ఇంకోటి, నీ మొహంలో ఏదీ దాగదు. కఫీల్ ఒక్కసారి కళ్ళలోకి చూస్తే అన్నీ చెప్పేస్తావు. అందుకని భూమేష్‌కు గట్టిగా చెప్పించాను, “మామకు కనబడకు, ఆయన బతుకు పాడుచెయ్యకు” అని. తిండి చాలక మీ గదిలోవి తీసుకుని ఉంటాడు.

వాజిద్ మాట కూడా అబద్ధమే బావా. ఎడమచేతివాడికి దేని బొత్తం తొందరగా అందుతుందని నేను అడగలేదు. ఏది అందదు అని అడిగాను. అతను నన్ను వింతగా చూసి, రెండోది అన్నాడు. వద్దని చెప్పడం నీకు రాదని తెలుసు. తుపాకి నీ చేతికి రాక తప్పదు. వచ్చేది నీకు కుదరనిది రావాలనుకున్నాను. నా కొడుకును నీ తుపాకి ముందు పెట్టి, నీకు చెప్పకుండా కూర్చున్నాను. అక్కకు ఏ మొహం చూపించాలి?

ఆకాశం ఎర్రగా ఉంది. గాలిదుమారం వస్తోందని ట్యాంకర్లను ఆపేశారు. దావూద్ నిన్న వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. భూమేష్ దగ్గర నీళ్ళు ఉన్నాయో లేవో తెలియదు. నీకు ఫోన్ కలవడం లేదు. దారి తెరవగానే ఈ ఉత్తరం పట్టుకుని వస్తానని దావూద్ అన్నాడు.

వాడు నీళ్ళకు వస్తాడు బావా. తెలుగులో కేకెయ్యి.

ఎల్లన్న


ఖర్జ్ దగ్గరి తోట,
గెలలు కట్టే పని మొదలైంది

ఎల్లన్నకు,

భూమేష్ బతికే ఉన్నాడు. ముందు అది చదువుకో. మిగతాది మెల్లగా చదువు.

నీ ఉత్తరం దుమారం పోయాక అందింది. అప్పటికి అంతా అయిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నమే చీకటి పడింది. చేతిని చాపితే చెయ్యి కనబడలేదు. గదిలో తడిగుడ్డ మొహానికి కట్టుకుని కూర్చున్నాను. గాలి రేకులను పీకుతోంది. కాసేపటికి పంపు గది తలుపు కొట్టుకుంది. గాలి అనుకున్నాను. తర్వాత బకెట్ పడింది. గాలి బకెట్‌ను ఎత్తి మళ్ళీ సర్ది పెట్టదు కదా. సర్దిన చప్పుడు విన్నాను.

గోనె విప్పి దాన్ని తీశాను. నీకు అప్పుడు రాయని మాట ఒకటుంది. నాసిర్ కారు మలుపు తిరగగానే ఆ తూటాలు తీసేశాను. అతను చూపించినట్టే నాలుక నొక్కితే జారి వచ్చాయి. సంచిలో కట్టి మోకు వేసుకుని తోటలో అన్నిటికన్నా ఎత్తు చెట్టెక్కి, మొవ్వలో మట్టల సందున దాచాను. మన దగ్గర ఆ గడబిడ కాలంలో ఇంట్లో ఉండకూడనిదంతా తాడిచెట్టు మీదికే పోయేది, నీకు తెలుసు. ఇక్కడ నేను తప్ప ఆ చెట్టు ఎక్కేవాడు లేడు. కాగితం మీద పెడితే ఎవరైనా చదువుతారని రాయలేదు. చేతిలో ఉన్నది ఖాళీ గొట్టమే అని నా ధైర్యం.

తలుపు దగ్గర మనిషి నిలబడ్డాడు. మొహానికి గుడ్డ, ఒళ్ళంతా దుమ్ము. చేతిలో పొడుగ్గా ఏదో ఉంది. తర్వాత చూస్తే అది మోటరు పైపు ముక్క. ఆ క్షణం నాకు అది కత్తి. కేకెయ్యాలని నువ్వు రాసింది గుర్తే రాలేదు. చప్పుడు చేస్తే పారిపోతాడని పిడి లాగాను. కదల్లేదు. ఇసుక పట్టిందనుకున్నాను. మళ్ళీ లాగాను. రాలేదు.

వాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

ఖాళీదే కదా, టక్కుమనైనా అంటుంది, దానికైనా భయపడతాడని గొట్టం వాడి వైపే పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. అది కూడా రాలేదు. అప్పుడు బొత్తం గుర్తొచ్చింది. వేలితో వెతికాను. నా వేలు ఇటువైపు, అది అటువైపు. నాసిర్ చెప్పినట్టే అందలేదు. బొటనవేలు తిప్పి తడుముతున్నాను.

అప్పుడు వాడు కూలబడి “మామా, నీళ్ళు” అన్నాడు.

తుపాకి ఎక్కడ పడేశానో నాకు తెలియదు. గుడ్డ తీస్తే మీ అక్క పోలికే. పెదవులు పగిలి నెత్తురు వస్తోంది. గుక్కగుక్కగా తాగించాను. “నాయిన నీకు కనవడొద్దన్నడు మామా, గని నీళ్ళొడిసినయ్” అన్నాడు. “నీ ఉల్లిగడ్డలు తిన్నోణ్ణి నేనే, కొట్టకు” అన్నాడు. నవ్వించాలని చూశాడు. ఇద్దరం ఏడ్చాం.

పొద్దుటికి గాలి ఆగింది. అబూ నాసిర్, కొడుకూ తోట ఎలా ఉందో చూడటానికి వచ్చారు. భూమేష్‌ను దాచే చోటు లేదు. దాచే మొహమూ నాకు లేదు, నువ్వు రాసింది నిజమే. నేనే ఎదురుపోయి చెప్పాను, నాకు వచ్చిన అరబ్బీ అంతా కలిపి.

“ఇతను నా భార్య తమ్ముడి కొడుకు. నీ రొట్టె తిన్నది ఇతనే. ఎడారి నుంచి పారిపోయాడు. తుపాకి నాకు వద్దు, నువ్వు తీసుకో. తూటాలు చెట్టు మీద ఉన్నాయి.”

నాసిర్‌కు కోపం వచ్చింది. “చెట్టు మీదా? ఖాళీ తుపాకితో కాపలానా?” అంటూ చాప మీద పడి ఉన్న దాన్ని అందుకున్నాడు. ట్రిగ్గర్ ముందు చిన్న మీట ఉంది, నేను ఎన్నడూ చూడలేదు. అది నొక్కి పిడి వెనక్కి లాగాడు.

లోపలి నుంచి ఎర్ర తూటా ఒకటి ఎగిరి చాప మీద పడింది. దొర్లుకుంటూ వచ్చి భూమేష్ కాలికి తగిలి ఆగింది.

నాసిర్ ఆ రోజు మొదట వేసి తోసిన తూటా పైన గొట్టంలోకి పోయి కూర్చుందట. కింద నుంచి తీస్తే అది రాదట. అది లోపల ఉంటే పిడి కదలదట. నేను ఇసుక అనుకున్నది అదే. బొత్తం కుదిరి ఉంటే, ఎల్లన్నా, ఖాళీది అనుకునే నేను నీ కొడుకును కాల్చి ఉండేవాణ్ణి.

అబూ నాసిర్ కూర్చుండిపోయాడు. తుపాకి ఆయన పేరు మీదిది, ఇచ్చింది ఆయన చేత్తో. ఆయన కూడా భయపడ్డాడు. పెద్దవాళ్ళకు భయం ఉండదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాసేపటికి లేచి రెండు పెట్టెలూ కారులో పెట్టించాడు. భూమేష్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, అప్పుడే నీ ఉత్తరం పట్టుకొచ్చిన దావూద్ చెప్పిన ఎంబసీ మనిషి దగ్గరికి తానే తీసుకెళ్ళాడు. ఇంటికి పంపే కాగితాలు నడుస్తున్నాయని నీకు కబురు వచ్చే ఉంటుంది.

వెళ్ళేముందు “షేబా, చెట్టు మీదివి నువ్వే దించు, నాసిర్ ఎక్కితే పడతాడు” అన్నాడు. దించి ఇచ్చాను. నా ఎగ్జిట్ మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. గెలలు కడుతున్నాను. రోడ్డు మీద ఏ బండి నెమ్మదించినా చెట్టు మీదే ఆగిపోయి చూస్తున్నాను. ఎడమచేతి చూపుడు వేలు దానంతట అదే వంగుతోంది. తాడు ముడి వేస్తున్నా వంగుతోంది.

నీ అబద్ధం గురించి నేనేమీ అనను. వాజిద్‌కు మాత్రం చెప్పు, రెండోదే మంచిదని.

మీ అక్కకు ఏదీ చెప్పకు. భూమేష్‌కు కూడా చెప్పకు. కారు ఎక్కేటప్పుడు వాడు నా కాళ్ళు పట్టుకుని, “నా గొంతు గుర్తువట్టి ఆగినవ్ మామా” అన్నాడు. నేను తలూపాను. ట్రిగ్గర్ నొక్కడం ముందే అయిందని, వాడి గొంతు తర్వాత వినబడిందని వాడికి తెలియదు.

మీ బావ,
మొండయ్య